ఫ్లూ వచ్చి తగ్గిన మూడు నెలలకు మొదలైన పగటి మగత: మా తమ్ముడి విషయంలో సలహా కావాలి

పెన్నాతీరం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది ప్రొద్దుటూరు. ఉద్యోగరీత్యా ఆరేళ్ళుగా బెంగళూరులో, కుందలహళ్ళి దగ్గర ఉంటున్నాను. మా తమ్ముడు నా దగ్గరే ఉండి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. వాడి వయసు 20. వాడి ఆరోగ్యం గురించి నలుగురిని అడిగితే నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. ఎవరి మాట నమ్మాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. ఏది ముఖ్యమో ఏది కాదో తేల్చుకోలేక గుర్తున్నదంతా రాశాను కాబట్టి, పొడవుగా ఉన్నా దయచేసి చివరిదాకా చదవండి.

గత జులైలో వాడికి తీవ్రమైన జ్వరం వచ్చింది. ముక్కులోంచి నమూనా తీసి పరీక్షిస్తే ఇన్‌ఫ్లూయెంజా ఏ అని తేలింది. ఆరు రోజులకు జ్వరం, మరో పది రోజులకు దగ్గు తగ్గిపోయాయి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మామూలుగానే కాలేజీకి వెళ్ళివచ్చాడు. దసరా సెలవులు అయిన దగ్గర నుంచి మాత్రం పగటిపూట నిద్ర ఆపుకోలేకపోతున్నాడు. రాత్రి పదిన్నరకు పడుకుని ఆరున్నరకు లేస్తున్నాడు కనుక నిద్ర చాలడం లేదని అనడానికి వీల్లేదు. మెట్రోలో కెంగేరిలో దిగవలసినవాడు చల్లఘట్ట దాకా వెళ్ళిపోయి, అక్కడి సిబ్బంది తట్టి లేపితే వెనక్కి రావడం వారానికి రెండుసార్లయినా జరుగుతోంది. మొన్న రాత్రి అన్నం తింటూ ఉండగా, కలిపిన ముద్ద చేతిలోనే ఉంది, కళ్ళు మూతపడిపోయాయి. నేను భుజం తట్టేసరికి ఉలిక్కిపడి, ఏమీ జరగనట్టే ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పావుగంట కునుకు తీస్తే తేటగానే లేస్తాడు, కానీ రెండు మూడు గంటలు తిరిగేసరికి మళ్ళీ అదే పరిస్థితి.

మా వీధిలోని క్లినిక్‌లో చూపిస్తే రక్తపరీక్షలు చేయించారు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర అన్నీ సరిగానే ఉన్నాయి. బి12 కొంచెం తక్కువగా ఉందని మాత్రలు రాసి, రాత్రిపూట ఫోను చూడటం మానెయ్యమని చెప్పి పంపారు. రెండు నెలలు మాత్రలు వేసుకున్నాడు, మార్పేమీ లేదు. కాలేజీలో ఒక అధ్యాపకుడు తరగతిలో నిద్రపోతున్నాడని బయటికి పంపి గైర్హాజరు వేశారు. ఊళ్ళో నాన్న ఇదంతా బద్ధకమే అంటున్నారు. ఈ మూడు నెలల్లో ఆరు కిలోల బరువు పెరగడంతో ఆయన మాటకు బలం వచ్చింది.

మరో రెండు సంగతులున్నాయి. వాటికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, మా చిన్నాన్న ఏదో చెబితే అందరం పగలబడి నవ్వాం. వాడి చేతిలోని మజ్జిగ గ్లాసు జారిపోయింది, దవడ వేలాడింది, మోకాళ్ళు మడతపడి గోడ పట్టుకుని కిందికి జారాడు. నిమిషం లోపే లేచి కూర్చుని, "అక్కా, నాకు అంతా వినబడుతూనే ఉంది, కానీ మెడ ఎత్తలేకపోయాను" అన్నాడు. నీరసం వల్ల కళ్ళు తిరిగాయేమో అనుకున్నాం. రెండోది, రాత్రిళ్ళు నిద్ర పట్టే సమయంలో గదిలో ఎవరో నిలబడి ఉన్నారని, కేక పెడదామంటే గొంతు పెగలడం లేదని భయపడుతున్నాడు. అమ్మ దిష్టి అనుకుని తాయెత్తు కట్టించింది.

ఎప్పుడో జులైలో వచ్చి పోయిన వైరస్ మెదడు మీద ఇంత ఆలస్యంగా ప్రభావం చూపగలదా? ఏ వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి? ఆదివారాల్లో నా స్కూటీ తీసుకుని స్నేహితుల దగ్గరికి వెళ్తుంటాడు, మిగతా విషయాల్లో చురుకుగానే ఉంటాడు. మెదడు జబ్బయితే ఇలా ఉండగలడా అని కూడా నాకు సందేహంగా ఉంది.

హొసకోట నుంచి సుబ్బరాయుడి మనవడు:

అమ్మా, కంగారుపడకండి. మా ఇంట్లో డెంగీ వచ్చినప్పుడు మా ఆవిడ మూడు నెలలు మంచం దిగలేదు. జ్వరం తగ్గినా ఒళ్ళు కుదుటపడటానికి సమయం పడుతుంది. మంచి తిండి పెట్టండి, ఎండలో నడిపించండి. ఆరు నెలల్లో దానంతట అదే సర్దుకుంటుందని నా అనుభవం. పరీక్షల పేరుతో డబ్బు పోగొట్టుకోవద్దు.

జయనగర నుంచి ఒక నాడీవైద్యుడు:

పెన్నాతీరం గారూ, మిగతావన్నీ తరువాత మాట్లాడుకుందాం. ఈ రోజు నుంచి మీ తమ్ముడి చేతికి స్కూటీ తాళం ఇవ్వకండి. నిద్ర ఎప్పుడు ముంచుకొస్తుందో తెలియని మనిషి రెండు చక్రాల బండి నడపకూడదు. జబ్బేమిటో తేలి, మందుతో అదుపులోకి వచ్చిందని వైద్యుడు చెప్పేదాకా ఇందులో మినహాయింపు లేదు. ఈత, మేడ అంచున నిలబడటం, పొయ్యి దగ్గర ఒంటరిగా పని చేయడం కూడా ప్రస్తుతానికి వద్దు.

పై జవాబు రాసినవారు మంచి మనసుతోనే రాశారు. డెంగీ తరువాత వచ్చే నిస్సత్తువ విషయంలో వారి అనుభవం నిజమే. కానీ మీరు వర్ణించింది నీరసం కాదు. మన భాషలో నీరసానికీ మగతకూ వేర్వేరు మాటలున్నా, వైద్యుడి ఎదుట కూర్చున్నప్పుడు చాలామంది "నీరసంగా ఉందండీ" అనే ఒక్క మాటతో సరిపెడతారు, వైద్యుడూ ఆ మాటనే రాసుకుని రక్తహీనత వైపో థైరాయిడ్ వైపో వెళ్ళిపోతాడు. నీరసం ఉన్నవాడికి మెట్లెక్కితే కాళ్ళు పీకుతాయి, అలాగని మంచం మీద వాలితే నిద్ర పట్టకపోవచ్చు. మగత ఉన్నవాడికి కాళ్ళూ చేతులూ బాగానే ఆడతాయి, కానీ కూర్చున్నచోటే జోగుతాడు, మాట మధ్యలో తూగుతాడు. చేతిలో అన్నం ముద్దతో కునుకుపడటం నీరసం చేసే పని కాదు. ఈ ఒక్క తేడాను వైద్యుడికి స్పష్టంగా చెప్పగలిగితే మీ ప్రయాణం సగం తగ్గుతుంది.

ఇక మీరు సంబంధం ఉందో లేదో అని చివర రాసిన మజ్జిగ గ్లాసు సంగతే మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. బిగ్గరగా నవ్వినప్పుడో, ఒక్కసారిగా సంతోషమో ఆశ్చర్యమో కలిగినప్పుడో కండరాలు పట్టు వదిలేయడం, స్పృహ మాత్రం పూర్తిగా ఉండటం, నిమిషం రెండు నిమిషాల్లో తిరిగి మామూలు కావడం: దీన్ని కాటాప్లెక్సీ అంటారు. కళ్ళు తిరిగి పడినవాడికి పక్కవాళ్ళ మాటలు వినబడవు, మూర్ఛ వచ్చినవాడికీ మామూలుగా గుర్తుండవు. మీ తమ్ముడు అంతా వినబడిందని చెప్పాడు. దీనికి పగటి నిద్రను, నిద్ర పట్టేటప్పుడు మనుషులు కనబడటాన్ని, గొంతు పెగలకపోవడాన్ని, తక్కువ కాలంలో బరువు పెరగడాన్ని, చిన్న కునుకుతో తేటపడటాన్ని కలిపి చూస్తే నార్కొలెప్సీ మొదటి రకం అనే నిద్ర జబ్బును తప్పనిసరిగా పరిశీలించాలి. మనిషిని చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయడం తగదు కనుక అనుమానం అనే మాటకే పరిమితమవుతున్నాను.

వైరస్‌కూ దీనికీ సంబంధం ఏమిటన్నది మీ అసలు ప్రశ్న. ఏ జ్వరంలోనైనా నిద్ర ఎక్కువ కావడం సహజమే. వైరస్‌తో పోరాడేటప్పుడు రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్ 1, టీఎన్‌ఎఫ్ వంటి పదార్థాలను విడుదల చేస్తాయి, అవి మెదడు మీద పనిచేసి మగతను తెస్తాయి. అది శరీరం తనకు తాను విధించుకునే విశ్రాంతి, జ్వరంతో పాటే క్రమంగా పోతుంది. కొందరిలో అది వారాలు, నెలల తరబడి సాగుతుంది. కోవిడ్ తరువాత చాలామంది చెప్పుకున్న అలసట, మతిమరుపు, నిద్ర తేడాలు ఈ కోవకు చెందినవే. ఇవి జ్వరానికి కొనసాగింపుగా ఉంటాయి. మీ తమ్ముడి విషయంలో మధ్యలో రెండు నెలలు బాగా ఉండి, తరువాత కొత్తగా మొదలైంది. కాబట్టి ఇక్కడ జరిగింది వేరై ఉండాలి.

మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చిన్న ప్రాంతం ఉంది. అందులో ఒరెక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసే నాడీకణాలు కొన్ని పదుల వేలు మాత్రమే ఉంటాయి. కోట్లాది కణాలున్న మెదడులో ఇవి గుప్పెడు కూడా కావు, అయినా మెలకువ అనే పందిరికి గుంజలు ఇవే. నార్కొలెప్సీ మొదటి రకంలో ఈ కణాలలో చాలా భాగం నశించిపోతాయి. గుంజ లేని పందిరి ప్రతి గాలికీ వాలినట్టు, మెలకువ ఏ కాస్త సందు దొరికినా నిద్రలోకి ఒరిగిపోతుంది. నిజానికి ఈ రోగులు ఇరవైనాలుగు గంటల్లో మనకంటే మరీ ఎక్కువేమీ నిద్రపోరు. రాత్రి నిద్ర కూడా ముక్కలుముక్కలుగా ఉంటుంది. పోయింది నిద్రకూ మెలకువకూ మధ్యనున్న గట్టు. అందుకే కలల నిద్రలో మాత్రమే రావలసిన కండరాల సడలింపు పట్టపగలు నవ్వుతుండగా వచ్చేస్తుంది, కలలో కనబడవలసిన మనిషి కళ్ళు తెరిచి ఉండగా గదిలో నిలబడతాడు. మీ అమ్మగారికి ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి. తాయెత్తు వల్ల నష్టం లేదు, ఆలస్యం వల్లనే నష్టం.

ఒరెక్సిన్‌ను 1998లో కనుగొన్నారు. ఆ కణాలను చంపేది నేరుగా వైరస్ కాదనీ, వైరస్ మీదికి లేచిన మన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున వాటి మీద పడుతుందనీ ఇప్పటి అవగాహన. ఈ జబ్బు ఉన్నవారిలో దాదాపు అందరికీ హెచ్‌ఎల్‌ఏ డీక్యూబీ1 06:02 అనే ఒక జన్యు రకం ఉంటుంది. అదే రకం ఉన్నవారిలో అత్యధికులకు ఈ జబ్బు ఎన్నడూ రాదు. 2009లో హెచ్1ఎన్1 ఫ్లూ ప్రపంచమంతా పాకినప్పుడు, ఆ చలికాలం గడిచాక చైనాలో కొత్తగా నార్కొలెప్సీ మొదలైనవారి సంఖ్య సుమారు మూడు రెట్లు పెరిగింది. వారిలో చాలామంది టీకా వేయించుకున్నవారు కారు. ఫ్లూ కాలానికీ జబ్బు బయటపడటానికీ మధ్య కొన్ని నెలల ఎడం కూడా ఆ లెక్కల్లో కనిపించింది. మీరు చెప్పిన జులై, అక్టోబరు నెలల మధ్య దూరం చదివినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది అదే. మీ తమ్ముడికి ఆ ఫ్లూయే కారణమని ఒక్క మనిషి విషయంలో రుజువు చేసే పరీక్ష ఏదీ లేదు. అది తేలినా తేలకపోయినా చికిత్స మాత్రం మారదు.

హైపోథాలమస్‌లో నిద్రను, మెలకువను నడిపే చోట్లు ఉన్నాయని మొదట ఊహించిన మనిషి గురించి కూడా ఒక మాట చెప్పాలనిపిస్తోంది. 1917లో వియన్నాలో కాన్‌స్టాంటిన్ వాన్ ఎకనామో అనే వైద్యుడు, రోజుల తరబడి నిద్రలో మునిగిపోయే ఒక కొత్త మెదడువాపును వర్ణించాడు. మరణించినవారి మెదళ్ళను పరిశీలించి, విపరీతమైన నిద్ర ఉన్నవారిలో హైపోథాలమస్ వెనుక భాగం, అది మధ్యమెదడును కలిసే చోటు దెబ్బతిన్నాయనీ, అసలు నిద్రే పట్టనివారిలో ముందు భాగం దెబ్బతిన్నదనీ గమనించాడు. ఆ వ్యాధికి కారణమేమిటో ఈనాటికీ తేలలేదు, 1920ల చివరికి అది దాదాపు కనుమరుగైపోయింది. కానీ ఏ పరికరమూ లేని రోజుల్లో, రోగుల నిద్రను ఓపికగా చూసి ఆయన గీసిన పటం నేటికీ నిలిచే ఉంది.

ఏ వైరస్ జ్వరంలోనైనా, లేదా జ్వరం తగ్గిన వెంటనే, మగత గంటగంటకూ పెరుగుతూ, పిలిస్తే పలకడం తగ్గుతూ, దానితో పాటు తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, పొంతన లేని మాటలు, ఫిట్స్, ఒకటి రెండుగా కనబడటం వంటివి ఉంటే, అది మెదడువాపు కావచ్చు. ఇది చదివే అందరూ ఈ ఒక్కటి గుర్తుంచుకోవాలని నా కోరిక. అప్పుడు స్లీప్ క్లినిక్ కోసం వెతుక్కోకుండా ఆ గంటలోనే అత్యవసర విభాగానికి వెళ్ళాలి. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే మెదడువాపులో అసైక్లోవిర్ మందు ఎంత త్వరగా మొదలైతే ప్రాణానికీ మెదడుకూ అంత మేలు. మన ప్రాంతానికి జపనీస్ మెదడువాపు కూడా కొత్తది కాదు, 1955లో భారతదేశంలో దాని ఉనికి మొదట గుర్తించింది వెల్లూరు దగ్గరే. డెంగీలో కూడా జ్వరం దిగుతున్న రోజుల్లో మనిషి మందకొడిగా మారడం ప్రమాద సూచనల్లో ఒకటి. మీ తమ్ముడికి ఇవేవీ లేవు కనుక అత్యవసరం కాదు, కానీ వాయిదా వేయదగినదీ కాదు.

నాడీవైద్యుల్లో నిద్ర జబ్బులు చూసేవారిని సంప్రదించండి. మన ఊళ్ళో నిమ్హాన్స్‌లోనూ, మరికొన్ని పెద్ద ఆసుపత్రుల్లోనూ నిద్ర పరీక్షలు చేస్తారు. ముందు ఎప్‌వర్త్ ప్రశ్నావళి నింపిస్తారు. 1991లో ఆస్ట్రేలియాలో తయారైన ఈ ప్రశ్నావళిలో చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, ట్రాఫిక్‌లో బండి కాసేపు ఆగినప్పుడు వంటి ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశం ఎంతో సున్నా నుంచి మూడు వరకు గుర్తించాలి. మొత్తం 24కు గాను పది దాటితే పగటి నిద్ర ఎక్కువగా ఉన్నట్టు. తరువాత ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి గురక, ఊపిరి ఆగడం వంటివి లేవని చూస్తారు, మరుసటి పగలు రెండేసి గంటలకు ఒకసారి చొప్పున ఐదు కునుకులు తీయిస్తారు. సగటున ఎనిమిది నిమిషాల లోపు నిద్ర పట్టి, రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు పడుకున్న పావుగంటలోనే కలల నిద్ర వస్తే నార్కొలెప్సీ వైపు మొగ్గు. హైపోథాలమస్‌లో మరేదైనా గాయమో గడ్డో లేదని నిర్ధారించుకోవడానికి ఎంఆర్ఐ తీయవచ్చు. వీలైతే, వాడు నవ్వి జారిపోయే క్షణాన్ని ఫోనులో వీడియో తీసి వైద్యుడికి చూపించండి. పది పేజీల వర్ణన కంటే ఆ అరనిమిషం మాకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

మారతహళ్ళి బాటసారి:

డాక్టరు గారు చెప్పిన ఆ పరీక్ష నేను స్వయంగా చేయించుకున్నాను కనుక, అక్కడ ఎలా ఉంటుందో పెన్నాతీరం గారికి తెలిస్తే భయం తగ్గుతుందని రాస్తున్నాను. నాది మీ తమ్ముడి జబ్బు కాదు. 2017లో నాకు 24 ఏళ్ళప్పుడు గొంతునొప్పి, మెడ దగ్గర గ్రంథుల వాపు, జ్వరం వచ్చాయి. అమాక్సిసిలిన్ ఇస్తే ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు పొక్కాయి. అప్పుడు అనుమానం వచ్చి పరీక్షిస్తే ఎప్‌స్టీన్ బార్ వైరస్ అని తేలింది. జ్వరం పోయినా నిద్ర పోలేదు. రాత్రి పదకొండు పన్నెండు గంటలు పడుకున్నా, లేచాక తల మీద తడి గోనెసంచి వేసినట్టు ఉండేది. మీ తమ్ముడిలాగా చిన్న కునుకుతో తేటపడటం నాకు ఒక్కరోజు కూడా లేదు, రెండు గంటలు పడుకుని లేస్తే ఇంకా మందంగా ఉండేది. కాటాప్లెక్సీ అసలు లేదు. ఆ తేడా ఎంత ముఖ్యమో వైద్యులు తరువాత వివరించారు.

పరీక్షకు ముందు రెండు వారాలు నిద్ర పుస్తకం రాయించారు. ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నింటికి లేచాను, పగలు ఎక్కడ ఎంతసేపు కునుకు పట్టింది, ఎన్ని కాఫీలు తాగాను అన్నీ రాయాలి. చేతికి గడియారం లాంటి పరికరం కూడా కట్టారు. దయచేసి ఈ పుస్తకం ఇవాళే మొదలుపెట్టించండి. జలుబు మాత్రలు, దురద మాత్రలు, దగ్గుమందులు కొన్ని వాటంతట అవే నిద్ర తెస్తాయి కాబట్టి వాటి పేర్లన్నీ వైద్యుడికి చెప్పండి. మనసుకు సంబంధించిన మందులేమైనా వాడుతుంటే పరీక్ష ముందు వాటిని ఎప్పుడు ఆపాలో ఆయనే చెప్పాలి, మీ అంతట మీరు ఆపవద్దు.

పరీక్ష రాత్రి తలమీద పదీపన్నెండు చోట్ల చల్లటి జిగురుతో తీగలు అంటించారు, కళ్ళ పక్కన, గడ్డం కింద, కాళ్ళకు కూడా. కదిలితే ఊడిపోతాయేమోనని నిద్ర పట్టదనుకున్నాను గానీ పట్టింది. మరునాడు ఉదయం నుంచి రెండేసి గంటలకు ఒకసారి గది చీకటి చేసి, గోడలోని స్పీకరులోంచి "ఇప్పుడు కళ్ళు మూసుకుని నిద్రపోవడానికి ప్రయత్నించండి" అనేవారు. ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే దీపం వేసేసేవారు. కష్టమైనదల్లా మధ్యలోని సమయమే, ఎందుకంటే అప్పుడు నిద్రపోకూడదు, కాఫీ తాగకూడదు. పక్కన మాట్లాడుతూ కూర్చునే మనిషి తప్పకుండా ఉండాలి. నాకు మా అన్నయ్య ఉన్నాడు. జుట్టులో గట్టిపడిన ఆ జిగురు వదలడానికి కుంకుడుకాయలతో రెండు తలంట్లు పట్టాయి.

నాకు సగటు ఏడు నిమిషాలు వచ్చింది, కలల నిద్ర ఒక్క కునుకులోనూ రాలేదు. వైరస్ తరువాతి అతినిద్ర అని రాశారు. కొన్నాళ్ళు మెలకువగా ఉంచే మోడాఫినిల్ అనే మందు వాడాను. సుమారు పదిహేను నెలలకు, ఫలానా రోజు నుంచి అని చెప్పలేనంత మెల్లగా, అది వదిలింది. ఆ పదిహేను నెలల్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది నిద్ర కాదు, నేను నటిస్తున్నానని ఆఫీసులో అనుకోవడం. మీరు తమ్ముడి పక్షాన నిలబడ్డారు, అది వాడికి ఎంత బలమో నాకు తెలుసు.

తుంగ:

ఒక చిన్న సందేహం. ఫ్లూ టీకా వల్లనే నార్కొలెప్సీ వస్తుందని ఎక్కడో విన్నాను. మా పిల్లలిద్దరికీ ఈ నెల ఫ్లూ టీకా వేయించవలసి ఉంది. ఆపమంటారా?

జయనగర నుంచి ఒక నాడీవైద్యుడు:

ఆపవద్దు. మీరు విన్నది పూర్తిగా కల్పన కాదు, కానీ అది ఒకే ఒక టీకాకు సంబంధించిన సంగతి. 2009, 2010 సంవత్సరాల్లో హెచ్1ఎన్1 కోసం ఐరోపాలో వాడిన పాండెమ్రిక్స్ అనే టీకా తరువాత ఫిన్లాండ్, స్వీడన్ దేశాల్లో పిల్లల్లోనూ యువకుల్లోనూ నార్కొలెప్సీ పెరిగినట్టు 2010లో బయటపడింది. తరువాత జరిగిన అధ్యయనాలు దాన్ని ధ్రువీకరించాయి. టీకా వేయించుకున్నవారిలో అది చాలా అరుదుగా వచ్చినప్పటికీ, ఆ దేశాలు దాన్ని దాచకుండా ప్రకటించాయి. ఆ టీకా వాడుకలో లేకుండా పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఏటా వేసే ఫ్లూ టీకాలలో అటువంటి సంబంధం కనిపించలేదు. చైనా ఉదాహరణ అందుకే పైన రాశాను: అక్కడ పెరుగుదల వచ్చింది ఫ్లూ కాలం తరువాత, టీకా వేయించుకోనివారిలో కూడా. ఈ జబ్బుకు భయపడేవారు తప్పించుకోవలసింది ఫ్లూను.

పెన్నాతీరం, ఐదు వారాల తరువాత:

ఇంత వివరంగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు ఎలా చెప్పాలో తెలియడం లేదు. డాక్టరు గారి జవాబు చదివిన రాత్రే స్కూటీ తాళం నా బీరువాలో పెట్టాను. వాడు రెండు రోజులు అలిగి, మూడో రోజు తనంతట తానే మాట తీసి, నవంబరులో ఒకసారి వర్తూరు రోడ్డు మీద బండి నడుపుతూ ఎంత దూరం వచ్చాడో గుర్తులేని సంగతి చెప్పాడు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇంతకాలం నాకు చెప్పకుండా దాచినందుకు కోపం కూడా రాలేదు.

నిద్ర పుస్తకం రెండు వారాలు రాశాడు. ఎప్‌వర్త్ లెక్కలో 19 వచ్చింది. మా వాడు నవ్వినప్పుడు తల వాలిపోవడాన్ని వాడి స్నేహితుడు వీడియో తీశాడు. వైద్యులు దాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశారు. ఎంఆర్ఐలో ఏ లోపమూ లేదు. కునుకుల పరీక్షలో సగటున మూడు నిమిషాలకే నిద్ర పట్టింది, ఐదింటిలో నాలుగుసార్లు కలల నిద్ర వచ్చింది. నార్కొలెప్సీ మొదటి రకమని రాసిచ్చారు. నశించిన కణాలు తిరిగి రావనీ, ఇది జీవితాంతం ఉండే జబ్బనీ, అయితే చదువు, ఉద్యోగం, సంసారం అన్నీ సాధ్యమేననీ వైద్యులు వాడితోనే నేరుగా చెప్పారు. ఉదయం మోడాఫినిల్ ఇస్తున్నారు. నవ్వినప్పుడు జారిపోకుండా వెన్లాఫాక్సిన్ తక్కువ మోతాదులో మొదలుపెట్టారు. దాన్ని ఒక్కసారిగా ఆపితే ఆ జారిపోవడం మునుపటికంటే ఎక్కువగా తిరిగి వస్తుందని గట్టిగా హెచ్చరించారు. మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఐదింటికి ఇరవై నిమిషాల చొప్పున కునుకు కూడా మందులాగే వేళకు పడాలట.

పరీక్ష రోజు బాటసారి గారు చెప్పినట్టు పక్కన కూర్చోవడానికి మనిషి కావలసివచ్చి, నాకు సెలవు దొరకక నాన్నను పిలిపించాను. వాణ్ణి మెలకువగా ఉంచడానికి ఆయన ఆ పగలంతా మా ఊరి కబుర్లు చెబుతూనే ఉన్నారట. కబురు మధ్యలో, తన ముఖంలోకి చూస్తూ ఉండగానే వాడి కళ్ళు తేలిపోవడం ఆయన కళ్ళారా చూశారు. సాయంత్రం నేను వెళ్ళేసరికి నడవాలో ఒంటరిగా కూర్చుని ఉన్నారు, నాతో ఏమీ అనలేదు. ఇప్పుడు ప్రొద్దుటూరు నుంచి రోజూ ఒంటిగంటకు ఫోన్ చేసి, వాడు పడుకున్నాడా అని అడుగుతున్నారు.

ఒక్క విషయం మిగిలింది. మేలో సెమిస్టరు పరీక్షలు, ఒక్కో పేపరు మూడు గంటలు. మధ్యలో ఇరవై నిమిషాలు విరామం ఇచ్చి ఆ సమయం చివర కలపమని వైద్యులు ఉత్తరం ఇచ్చారు. కాలేజీ కార్యాలయంలో దాన్ని తీసుకున్నారు గానీ ఇంకా జవాబు రాలేదు. ఇటువంటి అనుమతి తీసుకున్నవారు ఎవరైనా ఉంటే, ఉత్తరంతో పాటు ఇంకా ఏ కాగితాలు జతచేశారో దయచేసి చెప్పండి. వాళ్ళు ఏమన్నారో తెలిసిన వెంటనే నేను ఇక్కడ రాస్తాను.